చెరిపితే వచ్చే మచ్చ

ఆ స్టూడియోలో ఆమెను అందరూ నలుసు అనే పిలుస్తారు. పేరు పెట్టింది అన్నయ్యే. ఫొటో ఎంత ముచ్చటగా వచ్చినా సరే, ఈవిడ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని దుమ్ము చుక్కలు, వెంట్రుక ముక్కలు, లెన్సు మీది మరకలు ఒక్కొక్కటే ఏరి పారేస్తుంది. సంబంధాలంటూ వచ్చిన ఫొటోల్లో కూడా అబ్బాయిని వదిలేసి వెనక గోడ మీది మరక చూస్తుందని వదిన ఎద్దేవా చేస్తూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఒకసారి ఒకబ్బాయి ఎలా ఉన్నాడే అని అడిగితే, "గోడకు సున్నం సరిగ్గా వెయ్యలేదు వదినా" అంది.

స్టూడియో కింద, ఇల్లు పైన. ముందు గదిలో కౌంటరు దగ్గర వదిన కూర్చుంటుంది. వచ్చినవాళ్లతో మాట్లాడేదీ, బేరాలాడేదీ, ఏడ్చే పిల్లల్ని కెమెరా వైపు తిప్పేదీ ఆవిడే. మధ్య గదికి కిటికీ లేదు. అక్కడ నలుసు, ఆవిడ తెర. వెనక గదిలో గది సగం ఆక్రమించుకున్న పెద్ద ప్రింటింగ్ మిషను, దాన్ని కన్నకూతురిలా చూసుకునే బాబాయి. నాన్న పోయాక స్టూడియో అన్నయ్య చేతికి వచ్చింది. నాన్న పనితనం మాత్రం నలుసు చేతికి వచ్చిందని బాబాయి అంటాడు. అన్నయ్య ఎదురుగా ఉన్నప్పుడు అనడు.

నాన్న నేర్పిన అలవాటు ఒకటి ఆమెను వదల్లేదు. రీళ్ల కాలంలో ఆయన భూతద్దం ఒక కంటికి ఆనించుకుని, రెండోది మూసుకుని నెగటివ్‌లు చూసేవాడు. ఇప్పుడు భూతద్దమూ లేదు, నెగటివూ లేదు. అయినా ఫొటోలో ఆకాశం కనిపిస్తే చాలు, నలుసు ఎడమ కన్ను మూసేసి కుడి కంటితో తెర మీదికి వంగుతుంది. మొహాల్లో, బట్టల్లో చిన్నా చితకా మచ్చలు దాక్కుంటాయి గానీ ఆకాశంలో దాక్కోవడానికి చోటుండదని ఆమె లెక్క.

అన్నయ్యకు పొద్దుగూకే వేళ అంటే పిచ్చి. ఊళ్లో పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీసి ఇల్లు నడుపుతాడు గానీ, ఖాళీ దొరికితే రేవు గోడ మీదికి పోయి పొడుగు లెన్సు బిగించి నీళ్లలోకి దిగే సూర్యుణ్ణి తీస్తాడు. ఆ ఫొటోలకు ఇన్నాళ్లూ అడిగినవాడు లేడు. ఈ ఏడు రేవు పక్కన కొత్త హోటలు లేచింది. గదికొకటి చొప్పున గోడకు తగిలించడానికి పెద్ద పెద్ద గుడ్డల మీద సూర్యాస్తమయాలు అచ్చు వేసిమ్మని మేనేజరు వచ్చి అడిగాడు. ఆ పూట అన్నయ్య కాళ్లు నేల మీద ఆనలేదు.

మొదట అచ్చు వేసినవాటిలో రంగు కుదరలేదు. సూర్యుడి చుట్టూ ఉండాల్సిన ఎరుపు ఇటుకపొడిలా దిగింది. "తెర ముందు కూర్చుంటే ఆ రంగు ఎట్లా తెలుస్తుందే, వచ్చి నీ కంటితో నువ్వు చూడు" అని అన్నయ్య ఆమెను రేవు గోడ మీదికి లాక్కుపోయాడు. పని అంటే ఆమెకు ప్రాణం కదా, ఊరికే చూసి వస్తుందా? వరసగా కొన్ని సాయంత్రాలు వెళ్లి, లెన్సుకు కుడి కన్ను ఆనించి, ఆ రంగు మనసులో నాటుకునేదాకా రెప్ప వాల్చకుండా చూసింది. రంగు కుదిరింది. బాబాయి మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మీ నాన్న ఉంటే ఎగిరి గంతేసేవాడమ్మాయ్" అన్నాడు.

గుడ్డలు హోటలుకు వెళ్లాయి. మర్నాడు మేనేజరు ఫోను చేశాడు.

"మీ సూర్యుడి పక్కన ఇంకో సూర్యుడున్నాడేమిటండీ?"

వదిన ఆయన తాగి మాట్లాడుతున్నాడనుకుంది. అన్నయ్య పరుగెత్తాడు. నిజమే. సూర్యుడికి కొంచెం ఎడంగా, చొక్కా గుండీ అంత, పలచగా, గుండ్రంగా ఏదో ఉంది. దగ్గరికి పోతే కనపడదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఎవరో దీపం పట్టుకుని నిలబడినట్టు తేలుతుంది. ఒక్క దాంట్లో కాదు, అన్నింట్లోనూ. ఇంటికొచ్చి కెమెరాలో అసలు ఫొటోలు చూశాడు. వాటిలో సూర్యుడొక్కడే.

నేరం ముందు మిషను మీద పడింది. బాబాయి మొహం చిన్నబుచ్చుకుని, అప్పటికప్పుడు ఒక పెళ్లి ఫొటో, ఒక పసిపిల్ల ఫొటో అదే గుడ్డ మీద అచ్చు వేసి చూపించాడు. మచ్చ లేదు. "నా మిషను మీద అభాండం వేస్తే ఊరుకునేది లేదు" అని చెప్పి టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అందరూ మధ్య గదిలోకి వచ్చి నలుసు వైపు చూశారు.

"మచ్చ ఉంది. నేనూ చూశాను" అంది ఆమె. "ప్రతి ఫొటోలోనూ ఉంది, పొద్దు పక్కనే. అందుకే పక్కనున్న ఆకాశం రంగు తీసి అద్ది చెరిపేశాను. చెరిపాక రెండు కళ్లూ తెరిచి చూస్తే శుభ్రంగా ఉంది."

అన్నయ్య తెర మీదికి వంగాడు. "చెరిపావా? అచ్చు వెయ్యకముందే మచ్చ ఉందా?"

"ఉంటేనే కదా చెరిపాను! లేనిదాన్ని చెరపడానికి నాకేం పనిలేదా?"

"నువ్వు చెరిపినా మళ్లీ వచ్చిందన్నమాట."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. కానీ అన్నాక తనే ఆ మాట వెంట పడ్డాడు.

పైగా హోటలు వాళ్లు గుడ్డలు వాపసు పంపలేదు. బస చేసినవాళ్లు ఆ రెండో సూర్యుడి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారట. మేనేజరు ఇంకొన్ని కావాలన్నాడు. సంగతి ఊళ్లో పాకింది. పాకి పాకి ఖగోళం మాస్టారి చెవిన పడింది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు మేడ మీద టెలిస్కోపు పెట్టుకుని, దొరికినవాళ్లకల్లా చంద్రుణ్ణి చూపిస్తూ ఉంటాడు. మంచివాడు. ఒక్కసారి మొదలుపెడితే ఆపడమే చేతకాదు.

ఆయన హోటల్లో గుడ్డలన్నీ చూసి సరాసరి స్టూడియోకు వచ్చాడు.

"లెన్సు మీద దుమ్మయితే అన్ని ఫొటోల్లో ఒకే చోట ఉండాలి. ఇది సూర్యుడు ఎక్కడుంటే అక్కడికి వెళ్తోంది. పక్షయితే అన్నాళ్లు అక్కడే వేలాడదు. మరేమిటి? చెప్పు నాయనా, ఏమిటంటావు?"

"మీరే చెప్పాలి మాస్టారూ" అన్నాడు అన్నయ్య, చేతులు నలుపుకుంటూ.

"తెలీదు!" అన్నాడు మాస్టారు. పాతికేళ్లు పాఠాలు చెప్పిన మనిషి తనకు తెలియదన్న మాట అంత సంబరంగా చెప్పడం నలుసు ఎన్నడూ చూడలేదు.

అక్కణ్ణుంచి అన్నయ్య మనిషి మారిపోయాడు. మాస్టారు ఊరి గ్రంథాలయం హాలు మాట్లాడి ఫొటోల ప్రదర్శన ఏర్పాటు చేయించాడు. పేపరువాళ్లు వచ్చి రాసుకుపోయారు. వాళ్లకు అన్నయ్య చెప్పిన మాట ఒకటే: "మా చెల్లెలు చెరిపింది. చెరిపినా చెరగలేదు. నా చెల్లెలు అబద్ధమాడదు." పెళ్లిళ్ల వాళ్లు వస్తే ప్రదర్శన అయ్యాక చూద్దామని పంపేశాడు. కౌంటరు దగ్గర వదిన పళ్లు నూరుకుంది. పాతికేళ్లుగా తలవంచుకుని ఇతరుల పెళ్లిళ్లు తీసిన మనిషిని మొదటిసారి ఊరంతా తల ఎత్తి చూస్తోంది. ఇప్పుడిది వట్టిదని తేలితే ఆ తల మళ్లీ ఎత్తలేడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అతని పరువంతా తన ఒక్క మాట మీద నిలబడిందని నలుసుకు ఇంకా బాగా తెలుసు.

ప్రదర్శనకు కొత్త ఫొటోలు ఇస్తూ అన్నయ్య, "ఈసారి దాన్ని ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు రానీ" అన్నాడు.

ఆమె ముట్టుకోలేదు. ఎడమ కన్ను మూసి చూసింది, మచ్చ ఉంది. చెయ్యి జిలపెట్టింది, అయినా ఊరుకుంది. బాబాయి అచ్చు వేశాడు. గుడ్డ పరిచి చూస్తే సూర్యుడు ఒక్కడే, ఒంటరిగా, బోడిగా.

"చెరిపేశావు కదూ?" అన్నాడు అన్నయ్య.

"ముట్టుకోలేదు. ఒట్టు."

"ఈసారి మరీ నున్నగా చెరిపినట్టున్నావు. నీకు చెరపడం తప్ప ఇంకేం చేతనవును? పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అదే పని!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పంతం కొద్దీ అదే ఫొటో మళ్లీ తీసి, అతని ముందే మచ్చ చెరిపి అచ్చు వేయించింది. మచ్చ వచ్చింది. చెరిపితే వస్తోంది, వదిలేస్తే పోతోంది. గుడ్డలు రెండూ పక్కపక్కన పరిచి నలుగురూ గుడ్లప్పగించి చూశారు.

"ఒక్కమాట అంటాను, కోప్పడకండి" అంది వదిన. "చెరపడం వల్లే వస్తోందేమో?"

నలుసుకు ఒళ్లు మండింది. ఎన్ని మొహాల మీద మొటిమలు, ఎన్ని గోడల మీద మరకలు తీసిందో లెక్కే లేదు. ఒక్కచోటైనా అతుకు కనిపించిందని ఎవరైనా అన్నారా? "నా చేతి పనిలో అతుకుంటుందా వదినా? సరే, అతుకే అనుకో. మరి అక్కడ నేను చూసిందేమిటి? అది లేకపోతే అతుకెందుకు వేస్తాను? మచ్చ ఉంది. ఈ కంటితో చూశాను."

"అదీ మాట!" అన్నాడు అన్నయ్య. చెల్లెలి మీది కోపం అంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది. "అది చూసింది. దాని కన్ను ఎప్పుడైనా తప్పిందా? అంటే అది ఆకాశంలోనే ఉంది. అచ్చుల గొడవ ఎందుకు, నేనే దాన్ని పట్టుకుంటాను."

ఆ రోజు నుంచి అతను ఫొటోలు తీయడం తగ్గించి చూడటం మొదలుపెట్టాడు. ఇంకా పొడుగు లెన్సు ఒకటి తెచ్చుకున్నాడు. పొద్దు వాలకముందే గోడ మీదికి చేరి, ఎండ ఇంకా చురుక్కుమంటూ ఉండగానే లెన్సుకు కుడి కన్ను ఆనించి కూర్చుంటాడు. మాస్టారు ఇదేం పని నాయనా అని మందలించి నల్లద్దం ముక్క ఇచ్చాడు. "నల్లద్దంలోంచి చూస్తే అంత పలచని మచ్చ ఏం కనిపిస్తుంది మాస్టారూ" అని అన్నయ్య దాన్ని జేబులో వేసుకున్నాడు. తర్వాత చొక్కా ఉతికేటప్పుడు వదినకు అది జేబులో దొరికింది.

ఇంట్లో ఎవరికీ కుదురు లేకుండా పోయింది. అన్నయ్య అన్నం ముందు కూర్చుని కంచం వంక కాకుండా కిటికీ వంక చూస్తాడు. కుడి కంట్లోంచి నీళ్లు కారుతూ ఉంటాయి, మోచేత్తో తుడుచుకుంటాడు. టీ గ్లాసు అందుకోబోయి పక్కనున్న మంచినీళ్ల చెంబు పడేశాడు. నలుసు పరిస్థితీ అంతంతే. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మళ్లీ తెర ముందుకే పోవాలనిపించేది. ఏం చూడటానికో తెలియకుండా పాత ఫొటోలు తీసి చూసేది. అట్లా చూస్తూ చూస్తూ ఎప్పుడో నాన్న ఉన్న రోజుల్లో, ఏదో కొండ మీద తీసిన ఫొటో తెరిచింది. ఆకాశం తప్ప ఏమీ లేదు అందులో. కుడి కంటితో వంగి చూసింది. మచ్చ ఉంది.

ఆ ఫొటోను అప్పట్లో శుభ్రం చేసింది తనే. అప్పుడు లేని మచ్చ ఇప్పుడెట్లా వచ్చింది? సాయంత్రం అన్నయ్యకు చెబితే అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయితే ఏళ్ల నుంచీ ఉందన్నమాట! మనమే చూడలేదు!" ఆ మర్నాడు ఇంకొంచెం ముందుగా గోడ మీదికి వెళ్లాడు.

ప్రదర్శన దగ్గర పడింది. బాబాయి కొత్త గుడ్డ చుట్ట ఒకటి మిషనుకు ఎక్కించి, "అమ్మాయ్, ఈ చుట్టలో పోగులు తేలాయేమో ఒకసారి చూసిపో. పోయినసారి నా ప్రాణం తీశాయి" అని కేకేశాడు. ఆమె వచ్చింది. మిషను మీంచి కిందికి జారుతున్న తెల్లటి గుడ్డ ముందు నిలబడి, అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూసింది.

"వాపసు పంపెయ్ బాబాయ్. మచ్చ ఉంది."

"ఏదీ?"

"ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టబోయింది. వేలు చేరేలోపు మచ్చ కొంచెం పక్కకు జరిగింది. మళ్లీ పెట్టబోయింది. మళ్లీ జరిగింది. చూపు ఎటు పోతే అటే, ముందే వెళ్లి కూర్చుంటోంది.

బాబాయి కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. "ఇంకా ఏమీ అచ్చు వెయ్యలేదు అమ్మాయ్. ఇది వట్టి గుడ్డ. దీంట్లో పొద్దూ లేదు, గిద్దూ లేదు."

ఆమె కుడి కన్ను మూసి ఎడమ కన్ను తెరిచింది. గుడ్డ పాలలా తెల్లగా ఉంది. మళ్లీ మార్చింది. మచ్చ. గోడ వంక చూసింది, గోడ మీద మచ్చ. బాబాయి తెల్ల చొక్కా వంక చూసింది, సరిగ్గా గుండె మీద మచ్చ. రెండు కళ్లూ తెరిచింది. ఎక్కడా ఏమీ లేదు.

పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుంది. బాబాయి కంగారుపడి నీళ్లు తెచ్చాడు. ఆమె తాగలేదు. "బాబాయ్, తెర మీద కనపడని అతుకు గుడ్డ మీద కనపడుతుందా?" అని అడిగింది.

ఆయన మిషను మీద చెయ్యి వేశాడు. "మొహాల మీద కనపడదు. ఆకాశమంటే రంగు పొరలు పొరలుగా దిగుతుంది కదా, అంత పెద్ద గుడ్డ మీద... కనపడొచ్చు. నువ్వేమైనా అనుకుంటావని అనలేదమ్మా."

వదినకు కూడా చెప్పకుండా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆవిడ చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చోమంది. ఆ బెంచీ మీద నలుసుకు కూర్చోబుద్ధి కాలేదు. గోడకున్న అక్షరాల పలక ఒక్కో వరసా మసకబారుతూ ఉంటే లేచి అటూ ఇటూ తిరిగింది. విషయం సగం అర్థమైంది. మిగతా సగం అన్నయ్యకు ఎట్లా చెప్పాలన్నదే. ఊరంతా నవ్వుతుంది. నలుసు కంట్లోనే నలుసుందట అని పిల్లలు కూడా పాటలు కడతారు. ఇన్నేళ్ల పేరు, చేతిలో పని రెండూ పోతాయి. తన సంగతి సరే, హాలు గోడలకు మేకులు కూడా కొట్టించుకున్న అన్నయ్య సంగతేమిటి? ప్రదర్శన అయిపోయాక చెబితే? నాలుగు రోజులు ఓర్చుకుంటే చాలు కదా. అట్లా అనుకున్నాక ప్రాణం కొంచెం తేలికపడింది. సిగ్గు కూడా వేసింది.

డాక్టరు దీపం వేసి కంట్లోకి చాలాసేపు చూసింది.

"కుడి కంటి మధ్యలో కాలిన మచ్చ ఉందమ్మా. సూర్యుణ్ణి తదేకంగా చూశారా ఎప్పుడైనా?"

"లెన్సులోంచి చూశాను. రంగు కోసం."

"లెన్సులోంచా!" డాక్టరు కుర్చీ వెనక్కి జరిపింది. "ఎవరైనా లెన్సులోంచి చూస్తారా? చీమ మీద భూతద్దం పెట్టినట్టే కదా అది!"

"నాకేం నొప్పి అనిపించలేదండీ."

"అనిపించదు. దీంతో వచ్చిన చిక్కే అది. లోపల కాలుతున్నా తెలియదు. మీది చిన్నదే, కొంత తగ్గొచ్చు. తగ్గకపోనూ వచ్చు. కానీ మళ్లీ మళ్లీ చూస్తే మాత్రం ఆ కంటితో ఎదుటివాళ్ల మొహం కూడా..."

నలుసు చివరి మాట వినలేదు. ఎండ ఇంకా చురుక్కుమంటూ ఉండగా, తన దానికంటే పొడుగు లెన్సుకు కుడి కన్ను ఆనించి కూర్చున్న మనిషి ఆమె కళ్లముందు మెదిలాడు. తను కొన్ని సాయంత్రాలే చూసింది. అతను ఎన్ని సాయంత్రాల నుంచి చూస్తున్నాడు! నాలుగు రోజులు ఓర్చుకుందామనుకున్న తన మీద తనకే అసహ్యం వేసింది.

బయటికొచ్చి అన్నయ్యకు ఫోను చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. గోడ మీద ఉంటే ఎత్తడు. వదినకు చేసింది.

"ఇవాళ అన్నం కూడా తినకుండా పోయాడమ్మా" అంది వదిన. "మాస్టారు ఎవరెవర్నో వెంటబెట్టుకుని వస్తున్నారట. ఏం, గొంతు అట్లా ఉందేం?"

"ఎవర్నైనా పంపి కెమెరా లాగేయించు వదినా. నేనూ పోతున్నాను" అని ఫోను పెట్టేసింది.

పోవడమైతే మొదలుపెట్టింది గానీ, మందు వేసిన కళ్లతో ఆ వీధి ఆమెకు ఎప్పుడూ చూడని వీధిలా ఉంది. పాపలు విచ్చుకుని ఉన్నాయేమో, షాపుల అద్దాల మీది వెలుగు సూదుల్లా గుచ్చుకుంటోంది. బస్సు నంబరు కనపడలేదు. కనపడకపోతే పోయిందని నడిచింది. చెప్పుల దుకాణం ముందు ఎవరినో గుద్దుకుంది. ఆయన ఏదో తిట్టాడు. ఈమె క్షమించమని కూడా అనలేదు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని, నేల మీది తన నీడను వెనకే ఉంచుకుంటూ పొద్దుకు ఎదురుగా నడిచింది. రేవుకు దారి అదొక్కటే, పొద్దు ఉన్న వైపే.

ఏం చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కుంది. నా కన్ను కాలింది అన్నయ్యా. నేను చూసింది నా కంట్లోదే. నేను చెరిపింది లేనిదాన్ని, అచ్చులో తేలింది నా అతుకు. నీ రెండో పొద్దు లేనే లేదు, ఎప్పుడూ లేదు. తిట్టు, కొట్టు, పేపరువాళ్లకు చెప్పి నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యి, కానీ ఆ లెన్సు మీంచి కన్ను తియ్యి.

గోడ మెట్లు చేత్తో తడుముకుంటూ ఎక్కింది. పైన జనం ఉన్నారు. అందరూ నల్లటి ఆకారాలు, వాళ్ల వెనక భరించలేని వెలుగు. మాస్టారి గొంతు వినిపించింది. ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఏమైందో ఆమెకు అర్థం కాలేదు. మూడు కాళ్ల స్టాండు ఆనవాలు పట్టుకుని, "అన్నయ్యా! కన్ను తియ్యి! ముందు కన్ను తియ్యి!" అని అరుస్తూ వెళ్లి అతని భుజం పట్టుకుని లాగింది.

అతను తిరిగాడు. నవ్వుతున్నాడు. చిన్నప్పుడు నాన్న మొదటిసారి కెమెరా చేతికిచ్చినప్పుడు కూడా అంతగా నవ్వలేదు.

"వచ్చావా! నీ గురించే అనుకుంటున్నానే. కనిపించింది!"

"అన్నయ్యా, నా మాట..."

"నువ్వు చెప్పినట్టే ఉంది! పలచగా, గుండ్రంగా. చెరిపేశావని నిన్ను అనవసరంగా తిట్టాను, అదేం మనసులో పెట్టుకోకు. ముందు లెన్సులో కనిపించింది. ఇప్పుడు లెన్సు కూడా అక్కర్లేదు, ఊరికే చూస్తున్నా కనిపిస్తోంది!"

దారి పొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ వదిలేసి ఆమె అరచెయ్యి ఎత్తి అతని కుడి కన్ను మూసింది.

"ఇప్పుడుందా?"

"ఏమిటే ఇది, అందరి ముందూ..." అతను నవ్వుతూనే ఎడమ కంటితో ఆమె వంక చూశాడు. "లేదు. పోయింది. తియ్యి చెయ్యి."

ఆమె ఆ చెయ్యి తీసి అతని ఎడమ కన్ను మూసింది. చప్పట్లు ఆగిపోయాయి. మాస్టారు దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు?"

"ఉంది. నీ చెంప మీదే ఉంది." అతను బొటనవేలితో ఆమె చెంప తుడిచాడు. కళ్లు చికిలించి చూసి, కొంచెం గట్టిగా మళ్లీ తుడిచాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఇదేమిటే, పోవడం లేదు?"